బామ్మర్దికి బదులు లారీ ట్యూబు

నరసరావుపేటలో ఇంజన్లు బాగుచేసే ఖాసింకి బావిలో దిగటం ఎంత తేలికో, బామ్మర్దితో మాట్లాడటం అంత కష్టం. ఆర్నెల్లుగా ఆ కష్టం జోలికి పోలేదు. పోకుండానే ఈ జన్మ గడిచిపోతుందనుకున్నాడు. నకరికల్లు నుంచి రాజమ్మ బండి కట్టించుకుని రాకపోతే గడిచిపోయేదే.

1962లో ఆగస్టు నెల వచ్చినా వాన చినుకు లేదు. రాజమ్మ పోసిన మిరపనారుకు బావి నీళ్లే దిక్కు. ఆ బావిలో పంపు గొట్టం కొసన ఉండే ఫుట్‌వాల్వు ఊడి అడుక్కి పోయింది. అది లేకపోతే ఇంజను ఎంత కొట్టుకున్నా గొట్టంలో నీరు నిలవదు, చుక్క పైకి రాదు. కొత్తది కావాలంటే మద్రాసు నుంచి రావాలన్నారు. అది వచ్చేలోపు నారు గడ్డివామిలో వేసుకోవటానికి కూడా పనికిరాదని రాజమ్మ చెప్పింది. చెప్పి, లే నాయనా అంది.

ఖాసిం లేచాడు. లోపల తెర కదిలింది.

"తాడెవరు పడతారు?" అంది అతని భార్య జాన్‌బీ.

ఆ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. పల్నాటి బావులు రాతిలో తొలిచినవి. పైన నీళ్లు తేటగా కనిపిస్తాయి, అడుగున నాపరాళ్ల మధ్య ఏముందో ఎవరికీ తెలియదు. దిగేవాడి చంకల కింద తాడు కడతారు. ఆ తాడు పట్టేవాడు దిగేవాడి బామ్మర్దే అయి ఉండాలని ఆ పనివాళ్ల పట్టింపు. తన తోబుట్టువు కాపురం ఆ తాడు కొసన ఉందని తెలిసినవాడు పక్కచూపులు చూడడని నమ్మకం. ఖాసింకి పని నేర్పిన ఉస్తాదు ఒకసారి అద్దె మనిషి చేతికి తాడిచ్చి దిగాడు. తాడు పైకి వచ్చింది. ఉస్తాదు రాలేదు.

ఖాసిం బామ్మర్ది ఖలందర్ నకరికల్లులోనే బట్టలు కుడతాడు. మాటలు ఆగేదాకా ఖాసింకి తాడు పట్టింది అతనే. ఈత రాదు. ఒకసారి వాగులో మోకాలి లోతు నీళ్లలో పడి, రక్షించమని ఊరంతా వినేలా కేకలు పెట్టాడు. ఆ సంగతి ఖాసిం ఒక పెళ్లి పందిట్లో ఆడపెళ్లివారి ముందు కేకలతో సహా అభినయించి చూపించాడు. పందిరంతా నవ్వింది. ఖలందర్ లేచి వెళ్లిపోయాడు. మాటలు ఆ రోజే ఆగిపోయాయి.

తాడు పట్టడానికి ఊళ్లో మనుషులే లేరా అన్నాడు ఖాసిం.

"నా తమ్ముడన్నా పట్టాల, నా తమ్ముడికి సరిపడా సామానన్నా నీ ఒంటిమీద ఉండాల. రెండూ లేకుండా నువ్వు గడప దాటితే, నేనూ పుట్టింటికి దాటతా."

సామానే మేలనిపించింది ఖాసింకి. సామాను అలగదు, దాన్ని బతిమాలే పనిలేదు. లారీ ట్యూబొకటి గాలి నింపి బండిలో వేశాడు. ఈత నేర్చుకునే పిల్లలు వీపుకు కట్టుకునే ఎండు సొరకాయ బుర్రలు నాలుగు వేశాడు. ఒక తాడు బదులు రెండు తాళ్లు తీసుకున్నాడు. మోటారుసైకిలు కళ్లద్దాలు, ఉలి, సుత్తి, కత్తి తగిలించిన తోలు బెల్టు. పక్క కొట్టు నూర్ మొహమ్మద్ ఆపదలో మోగించమని రిక్షా హారను ఒకటి తెచ్చి మెడలో వేశాడు. నీళ్ల అడుగున హారను ఎలా మోగుతుందని అక్కడ ఎవరికీ తోచలేదు. జాన్‌బీ అంతా చూసి, ఇప్పటికి మా వాడిలో సగం అయ్యాడు అంది.

బావి దగ్గరికి వెళ్లేసరికి ఊరు సగం అక్కడే ఉంది. మెడలో టేపు వేసుకుని, గట్టు మీద అటు తిరిగి కూర్చున్నవాడు ఖలందర్. ఖాసిం ఒక్కొక్కటే ఒంటికి తగిలించుకుంటుంటే అతను తల తిప్పకుండానే రాజమ్మతో మాట్లాడాడు.

"పిన్నీ, ఆయన్ను అడుగు. బావిలో దిగతన్నాడా, సంతలో కొట్టు పెడతన్నాడా?"

"అమ్మా, పనీపాటా లేనోళ్లను ఇంటికి పొమ్మని చెప్పు," అన్నాడు ఖాసిం.

"నన్ను మధ్యన పెట్టబాకండిరా," అంది రాజమ్మ. "నా నారు ఎండతంది."

ఖాసిం దభీమని దూకాడు. నీళ్లు ఎగిరి గట్టు తడిసింది గాని అతను మాత్రం మునగలేదు. ట్యూబు, బుర్రలు కలిసి అతన్ని నీటి మీద పీట వేసి కూర్చోబెట్టాయి. కాళ్లు కొట్టుకున్నాడు, చేతులు కొట్టుకున్నాడు. ఒక తాడు పట్టినవాడు లాగాడు, రెండో తాడు పట్టినవాడు వదిలాడు. ఖాసిం తిరగలిలా గుండ్రంగా తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ గోడకు తగిలినప్పుడల్లా మెడలో హారను బొయ్‌మంది.

బరువు చాలలేదని రాజమ్మ తమ్ముడు యోబు తేల్చాడు. పెద్ద రాయికి తాడు కట్టి అందించాడు. ఖాసిం దాన్ని ఛాతీకి హత్తుకున్నాడు. అదే పొరపాటు. రాయి తలను కిందికి దింపింది, ట్యూబు నడుము దాకా జారి నడుమును పైకి లేపింది. జనానికి ఇప్పుడు రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నవ్వు హోరెత్తింది. నీళ్ల లోపల తలకిందులుగా ఉన్న ఖాసిం రాయి వదిలేశాడు. అయినా తిరగబడలేకపోయాడు. ముక్కులోకి నీళ్లు పోయాయి. తనను కాపాడటానికి తెచ్చినవన్నీ కలిసి తనను చంపబోతున్నాయని అతనికి చక్కగా అర్థమైంది.

యోబు దూకి అతన్ని నిలబెట్టాడు. నవ్వు ఆగిపోయింది. ఖాసిం మెట్టు మీద కూర్చుని తుమ్మాడు, దగ్గాడు. ట్యూబు విప్పాడు. బుర్రలు విప్పాడు. కళ్లద్దాలు, హారను, రెండో తాడు గట్టు మీదికి విసిరాడు. బెల్టు మీద చెయ్యి వేసి ఆగాడు. అన్నీ విప్పేస్తే ఒళ్లు బోసిగా అనిపించింది. అది ఉంచుకున్నాడు.

మిగిలింది ఒక తాడు. దాన్ని పట్టుకుని పైకెక్కి ఖలందర్ వెనక నిలబడ్డాడు. ఇంత జనంలో ఈ మాట అనటం కంటే మళ్లీ తలకిందులు కావటమే నయమనిపించింది.

"ఒరే ఖలందర్. పందిట్లో నేనన్నది తప్పు. తాడు పట్టు."

ఖలందర్ కాసేపు టేపు చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. చివరకు, "పిన్నీ, తాడిటు ఇమ్మను," అన్నాడు.

ఈసారి ఖాసిం రాయిలా దిగాడు. చెవులు పోటెక్కాయి, చల్లదనం తగిలింది, చేతికి బురద తగిలింది. రెండు నాపరాళ్ల సందులో ఇత్తడి గుండ్రం దొరికింది. ఇరుక్కుని ఉంది. ఇంకొంచెం తాడుంటే చాలు. వదలమని ఒకసారి గుంజాడు. వాళ్ల పనిలో ఒక గుంజుకు అర్థం అదే.

తాడు వదులు కాలేదు. బిగిసింది. ఖలందర్ పైకి లాగేస్తున్నాడు.

ఎప్పుడూ ఇంతే. పని సగంలో ఉండగానే లాగేస్తాడు, పిరికివాడు. ఖాసిం మనసులో తిట్టి, ఒక్క ఊపున వాల్వు పెరికి, లేచాడు. లేవలేకపోయాడు. పంపు గొట్టం వంగిన కొస బెల్టులోకి దూరింది. పైన తాడు లాగుతోంది, కింద బెల్టు లాగుతోంది. మధ్యలో తను.

గుండెలో ఇంకా ఊపిరి ఉంది. సగానికి పైగా ఉంది. ఖలందర్ తొందరపడి లాగాడు కాబట్టి ఉంది. తను అడిగినంత తాడు ఇచ్చి ఉంటే, ఊపిరి అడుగంటాక ఈ బెల్టు సంగతి తెలిసేది. ఖాసిం వాల్వును పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాడు. రెండు చేతులా బకిలు విప్పాడు. బెల్టు పోయింది, కత్తీ సుత్తీ పోయాయి, వాటితో పాటు లుంగీ కూడా పోయింది. ఖాసిం చారల లాగుతో పైకి తేలాడు.

రాజమ్మ తల తిప్పుకుని, చెయ్యి మాత్రం చాపి వాల్వు అందుకుంది. అందరూ ఖాసింని చూస్తున్నారు. ఖాసిం ఖలందర్‌ని చూస్తున్నాడు. గట్టు మీద వాడు మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. మొహం వంకాయ రంగు. కొలిమి తిత్తిలా ఎగరొప్పుతున్నాడు.

"నీకేమైందిరా?"

"ఊపిరి అయిపోయింది బావా."

"దిగింది నేను గదరా."

"నువ్వు మునిగినకాడ్నుంచీ నేనూ బిగబట్టి ఉంటా. నాకు ఇంక ఆగదు అనిపించినప్పుడు లాగతా. ఎప్పుడూ అంతే. ఇంకెట్టా తెలుస్తది నాకు, లోపల నీకు ఎట్టుందో?"

ఖాసిం నీళ్లలో మెట్టు మీద నిలబడి ముక్కు చీదుకున్నాడు. ఈత రానివాడి ఊపిరి కురచ. ఆ కురచ ఊపిరితో కొలిచిన తాడు ఇన్నేళ్లుగా తనను పైకి తెస్తోంది. తను మాత్రం దాన్ని పిరికితనమని ఊరూరా చెప్పుకుంటూ వచ్చాడు.

వాల్వు బిగించారు. యోబు ఇంజను తిప్పాడు. నాలుగు దగ్గులు దగ్గి అది అందుకుంది. కాలవలో నీళ్లు నారుమడి వైపు పరుగెత్తుతుంటే రాజమ్మ పారతో వెంట పరుగెత్తింది. యోబు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నూజెండ్లలో తన మామ బావిలో కూడా గిలక పడిపోయిందని, ఎల్లుండి రాగలవా అని ఖాసింని అడిగాడు.

ఎవరి లుంగీయో చుట్టుకుంటూ ఖాసిం బామ్మర్ది వైపు తిరిగాడు.

"ఎల్లుండి నీకు వీలవుద్దా?"

ఖలందర్ టేపు మెడలో సర్దుకున్నాడు. రెండు జాకెట్లు, ఒక షేర్వాణీ ఇవ్వాల్సి ఉందన్నాడు. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి, బుగ్గలు పొంగించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఏం చేస్తున్నావురా అని ఖాసిం అడిగాడు. చాలాసేపటికి గాలి వదిలి చెప్పాడు.

"చూసుకుంటన్నా. నూజెండ్ల బావులు లోతంట గదా."