పడుగు కింది దారి

"ఆ గేమ్ తీసెయ్ బాపూ" అంది నా కూతురు సుమన. ముందు గది గుమ్మం బయటే నిలబడి, కంప్యూటర్ వైపు చూడకుండా అంది.

ఆ కంప్యూటర్ మొదటి లాక్‌డౌన్‌లో మా ఇంటికి వచ్చింది. నా భార్య పద్మారాణి తమ్ముడు పరమేశ్ మా సూరత్ పక్కనే పల్సానాలో బట్టలకు రంగులద్దే మిల్లులో పని చేస్తాడు. వాళ్ల ఆఫీసులో పక్కన పడేసిన దాన్ని అడిగి, బండి మీద కట్టి తెచ్చాడు. పగలు నేను దాని ముందు కూర్చుని తెలుగు మీడియం బడి పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రం కాగానే తల్లీకూతుళ్లు నన్ను లేపి వాళ్లు కూర్చునేవారు. సుమన ఎక్కించిన ఆ గేమ్‌ను చెరో రిమోట్ పట్టుకుని ఆడేవారు. నేను వంటింటి పక్క గదిలో ఏదో చదువుకుంటూ వాళ్ల అరుపులు వినేవాణ్ణి.

రెండో విడత కరోనాలో, మంచి ఎండల్లో, పద్మ పోయింది.

వానలు మొదలైనా సుమన ముందు గదిలోకి రావడం లేదు. పన్నెండో తరగతి క్లాసులు ఫోన్‌లోనే వింటోంది. అన్నం ముందు కూర్చుంటుంది, కాసేపటికి లేస్తుంది. అడిగితే తిన్నానంటుంది. ఆసుపత్రి నుంచి కబురు వచ్చిన రోజు కూడా ఏడవలేదు. ఆ పిల్ల లోపల ఏదో ఉంది. అది దుఃఖం ఒక్కటే కాదని తెలుస్తోంది గానీ, అదేమిటో తెలియదు. నాకు ఉన్న భయమల్లా అదే.

"నాకు తీసుడు రాదు బిడ్డా. నువ్వే తియ్యి."

"నేను ముట్టుకోను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఎలా తీయాలో పరమేశ్‌కు ఫోన్ చేస్తే చెప్పేవాడే. కానీ తీసే ముందు ఒకసారి చూడాలనిపించింది. పద్మ ఏడాదిగా రోజూ వెళ్లి వచ్చిన చోటు అది. నేను ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు.

తెరవగానే మూడు గడులు కనిపించాయి, ఎవరి ఆట ఎక్కడ ఆగిందో దాచి ఉంచేవి. మొదటి గడిలో పద్మ పేరు ఉంది. దాన్ని కదిలించలేదు. రెండో గడిలో నా ఆట మొదలుపెట్టాను.

అది పెద్ద కంపెనీ చేసిన గేమ్ కాదు. ముగ్గురు స్నేహితులు కలిసి ఇంట్లో చేశారని మొదట్లోనే రాసి ఉంది. బొమ్మలన్నీ చేత్తో గీసినవి. ఇటుక రంగు, బూడిద రంగు, దీపం పసుపు తప్ప వేరే రంగులు దాదాపు లేవు. చీకటి పడ్డ ఒక ఊరు. అందులో ఒక పిల్ల. చేతిలో కొక్కెం ఉన్న పొడవాటి కర్ర, వెంట ఒక మేకపిల్ల. ఆ పిల్ల గోడలెక్కుతూ, గుంతలు దూకుతూ, మీద పడే ఇనుప మిడతలను కొడుతూ ఊళ్లో దీపాలు వెలిగించుకుంటూ పోవాలి.

మొదటి మిడత చేతిలోనే ఎన్నోసార్లు చచ్చాను. చచ్చిన ప్రతిసారీ ఆఖరున వెలిగించిన దీపం దగ్గర ఆ పిల్ల లేచి కూర్చుంటుంది. గౌను దులుపుకుంటుంది. ఎవరూ తిట్టరు. చేసిన తప్పు గుర్తు చేయరు. ఇంతకాలం పాఠాలు చెప్పినవాణ్ణి, అది నాకు నచ్చింది.

మిడత ఎగరబోయే ముందు వెనక కాళ్లు ముడుస్తుంది. అప్పుడే కొడితే దెబ్బ గాలికి పోతుంది. అది నేల విడిచి లేచేదాకా ఆగాలి. ఈ ఒక్క సంగతి తలకెక్కడానికి నాకు ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. తలకెక్కాక మాత్రం చెయ్యి దానంతటదే కదిలింది. దూకు, ఆగు, కొట్టు. దూకు, ఆగు, కొట్టు. ఆట ఆపి లేచాక గమనించాను, ఇంతసేపూ నాకు ఇంకేదీ గుర్తుకు రాలేదు. కొంచెం సిగ్గేసింది. కానీ గుండె మీద బరువు కాసేపు ఎవరో అందుకున్నట్టు కూడా ఉంది.

మరుసటి ఆదివారం పక్కింటి కనకవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది. వ్యాపారుల దగ్గర చీరలు తెచ్చి, వేలాడే దారాలు కత్తిరించే పని ఆమె, పద్మ కలిసి చేసేవారు.

"ఏంది సారూ, సదువు జెప్పే మనిషివి. పోరగాని లెక్క టిక్కుటిక్కు ఒత్తుకుంట కూసున్నవ్?"

"నేర్చుకుంటున్న కనకవ్వా."

"మంచిగనే నేర్చుకుంటున్నవ్. గోడకు గుద్దుకునుడే అయితాంది. పద్మక్క ఆడంగ నేను జూసిన. ఆమె కోతి లెక్క ఎగిరేది." కాసేపు చూసి, "గా మేకపిల్ల ఒక్కతే ఉండిపాయె గద. పాపం, ఒర్రుతాంది సూడు" అంది.

"ఇద్దరు ఆడితె దాన్ని రెండో మనిషి నడిపిస్తరు. నేను ఒక్కణ్ణే గద. వీపున మోసుకపోవచ్చు గని, మోస్తె కర్ర తియ్యరాదు, ఉరకరాదు. అది లేకున్నా ఆట నడుస్తది."

"గందుకని ఇడిసిపెట్టి పోతవా? బాగున్నది నీ సారు తనం." గిన్నె నా పక్కన పెట్టింది. "గోంగూర తొక్కు. పిల్లతోని తినిపియ్యి. చీపురుపుల్ల అయింది."

ఆమె వెళ్లాక ఆ ఊరి చివర మూతపడ్డ మిల్లులోకి ప్రవేశించాను. లోపల ఇళ్లంత పెద్ద మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. మొదటి లాక్‌డౌన్‌లో మా పర్వత్ పాటియాలో సాంచాలన్నీ ఒకేసారి ఆగిన రోజు గుర్తొచ్చింది. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. పగలూ రాత్రీ వాటి మోతకు అలవాటు పడ్డవాళ్లం, ఆ రోజు చెవులు మూసుకుపోయాయేమో అని ఒకరినొకరం గట్టిగా పిలుచుకున్నాం. ఈ మిల్లు బొమ్మ గీసినవాళ్లకు ఆ నిశ్శబ్దం ఎలా తెలిసిందో.

మిల్లు నడుమ దారి ఆగిపోయింది. ఈ గోడ నుంచి ఆ గోడకు పడుగు సాచి ఉంది. తెల్లటి దారాలు, వందల పోగులు, బిగుతుగా. కింద చీకటి. అవతలి గోడ దగ్గర వెలుతురు.

కుడికి వెళ్లాను. ఎడమకు వెళ్లాను. గోడ పట్టుకుని పాకబోయి పడ్డాను. దీపం దగ్గర లేచి వచ్చాను, మళ్లీ పడ్డాను.

"తొక్కు బాపూ."

వెనక్కి తిరిగాను. గుమ్మం దగ్గర సుమన. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"దారాల మీదికెక్కి సీదా ఉరుకు. గంతే. ఏం కాదు."

"పడుగును ఎట్ల తొక్కుతం బిడ్డా?"

ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చేసింది. సుమన గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. మోకాళ్లలో ముఖం పెట్టుకుంది. ఏడుస్తోందని భుజాలను బట్టి తెలిసింది.

దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఏడుపు మధ్యలోనే చెప్పింది.

"అమ్మ గూడ గదే అన్నది బాపూ. ఇదే జాగల. సేమ్ మాట. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలే. నాకు గుస్స వచ్చింది. నీకు ఆడరాదు, నా టైం ఖరాబ్ చేస్తున్నవ్, ఇగ నాతోని ఆడకు అని ఒర్రిన. అమ్మ ఏమనలే. రిమోట్ ఆడ పెట్టి వంటింట్లకు పోయింది. తెల్లారి జరమొచ్చింది."

"తర్వాత మాట్లాడినవు గద, తలుపు బయటికెల్లి."

"తిన్నవా, గోలీ ఏసుకున్నవా అని అడిగిన. సారీ అనలే. తగ్గినంక మంచిగ కూసోని అందామనుకున్న. నా మీద మనసు ఇరిగే పోయింది బాపూ అమ్మ."

ఇన్నాళ్లూ పిల్ల లోపల ఉన్నది ఇది. అమ్మకు నీ మీద కోపం ఉండదని చెప్పవచ్చు. కానీ నాకు తెలియని మాట నేనెలా చెప్పను? తెలిసినది మాత్రం చెప్పాను.

మా చిన్నప్పుడు ఊళ్లో, గంజి పట్టించడానికి పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాచేవారు. దాన్ని తొక్కడం కాదు కదా, దాటడం కూడా తప్పే. అన్నం పెట్టేదాన్ని కాలితో దాటుతావా అని వీపు మోగించేవారు. బడికి ఆలస్యమైనా సరే, పలక చంకలో పెట్టుకుని, వంగి పడుగు కింది నుంచి దూరి పోవాల్సిందే. పద్మ వాళ్ల వీధిలోనూ అంతే. చెప్పుల్లేని కాళ్లలో చిన్నప్పుడే పడ్డ భయం అది, ఎదురుగా ఉన్నవి బొమ్మ దారాలైనా పోదు. సుమన సూరత్‌లో పుట్టింది. సాంచాల మోత తెలుసు గానీ వీధిలో సాచిన పడుగును ఎన్నడూ చూడలేదు.

"గేమ్‌ల గూడనా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నా కాలు గూడ లేవలే గద. నువ్వే సూసినవ్."

"మరి అవతలికి ఎట్ల పోయేది మీరు?"

"కిందికెల్లి."

సుమన తెర వైపు చూసింది. లేచి, గుమ్మం దాటి, గదిలోకి వచ్చింది. "కిందికి చూడు బాపూ. గా బటన్ ఒత్తి పట్టుకో, వంగుతది."

వంగాను. పడుగు కింద, చీకట్లో కలిసిపోయిన చెక్క అంచు ఒకటి ఉంది. మనిషి వంగి నడిచేంత. పై నుంచి చూస్తే కనబడదు.

"అరే! ఇన్నిసార్లు ఆడిన. ఎన్నడు సూడలే" అంది.

ఆ దారి నిండా మిడతలే. రెండుమూడుసార్లు కింద పడి, కర్రతో కొట్టుకుంటూ ఎలాగో అవతలికి చేరాను. అక్కడ చిన్న గది, ఒక దీపం. వెలిగించాను. మేకపిల్ల ఎక్కడో వెనక అరుస్తూనే ఉంది.

సుమన ఆ దీపాన్ని చూస్తూ ఉండిపోయింది. "బాపూ, అమ్మ ఆట తెరువు."

"అమ్మ పడుగు ఇవతలనే ఆగె అంటివి గద."

"తెరువు బాపూ."

మొదటి గడి మీద నొక్కాను. తెర నల్లబడింది. తర్వాత మెల్లగా పసుపు వెలుతురు పరుచుకుంది. చిన్న గది. దీపం. పడుగుకు అవతల.

ఆ పిల్ల దీపం పక్కన కూర్చుని ఉంది. వీపు మీద, గౌనుకు కట్టుకున్న గుడ్డలో, మేకపిల్ల.

సుమన తెరకు దగ్గరగా వంగి చూసింది.

"నేను ఆడలే" అంది సుమన.

"నేను గూడ ఆడలే."

జ్వరం వచ్చాక పద్మను ముందు గదిలోనే ఉంచాం. ఆయాసం మొదలై ఆసుపత్రికి తీసుకుపోయేదాకా అక్కడే ఉంది. నేను తలుపు బయట పళ్లెం పెట్టి వచ్చేవాణ్ణి. ఒకసారి లోపల టక్ టక్‌మని చప్పుడు వినిపించింది. ఊరికే ఉండలేక చీరల దారాలు కత్తిరిస్తోందనుకుని, "పని బంద్ చేసి పండుకో" అని కేకేశాను. "పంటున్న, పంటున్న" అంది. దొంగ పని చేస్తూ దొరికిన పిల్లలా ఆ గొంతులో నవ్వుంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

సుమనకు చెప్పాను. వింటూ తెర మీద వేలు పెట్టి ఆ మేకపిల్లను ముట్టుకుంది. ఇద్దరూ ఆడినప్పుడల్లా అది సుమనే.

"మోసుకుంట వచ్చింది బాపూ. కర్ర తియ్యకుండ, ఉరకకుండ, గన్ని మిడతల నడుమకెల్లి. నువ్వు ఇడిసిపెట్టి వచ్చినవ్ సూడు, గట్ల ఆరామ్‌గ రావచ్చు. ఎన్నిసార్లు పడ్డదో ఏమో. జరంల." ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "పాగల్ అమ్మ." ముఖం తుడుచుకుని అడిగింది. "కోపమున్నోళ్లు గట్ల మోసుకపోతరా బాపూ?"

"పోరు బిడ్డా."

ఈసారి నాకు తెలిసిన మాటే చెప్పాను.

సుమన మంచం కింద నుంచి రెండో రిమోట్ తీసి, దుమ్ము చున్నీతో తుడిచి, తీగ తగిలించింది. బటన్ నొక్కగానే మేకపిల్ల వీపు మీది నుంచి దూకి, ఒళ్లు విదిలించి, ఒకసారి తుమ్మింది. సుమన పకపకా నవ్వింది. నవ్వి, తనే ఆశ్చర్యపోయినట్టు నా వైపు చూసింది.

గోడ అవతలి నుంచి కనకవ్వ అరిచింది. "ఏందే నవ్వుతాన్రు? సారు మళ్ల గోడకు గుద్దుకున్నడా?"

"గుద్దుకోబోతుండు అత్తా!" అని అరిచి, నా పక్కనున్న గిన్నె మూత తీసి చూసింది. "అన్నం ఉందా బాపూ? ఆకలైతుంది."

"ఉంది. పెట్టుకొస్త. గేమ్ తియ్యాల్నా మరి?"

"బస్ జెయ్. ముందు తిందాం. తర్వాత నువ్వు కర్ర పట్టు, నేను ముందు ఉరుకుత. నేను ఆగు అంటె ఆగాలె."

అన్నం తిన్నాం. మారు వడ్డించుకుంది. చేతులు కడుక్కుని వచ్చి ఆట మొదలుపెట్టాం. ఆమె ఆగమంది, నేను ఆగలేదు. గది దాటగానే మొదటి మిడతకే ఇద్దరం చచ్చాం.

"బాపూ!" అంది విసుక్కుంటూ.

పద్మ వెలిగించిన దీపం దగ్గర లేచాం. పిల్ల గౌను దులుపుకుంది.