పదిహేడో స్తంభం

ఆల్సీ ట్రోస్‌క్లేర్ వెర్నా ఎరల కొట్లో రొయ్యల తొట్టిలో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. రోజూ తెల్లవారుజామునే చేసే పనే అది. వేలికి తగిలిన రొయ్య ఎగిరి దూకితే ఉంచుకుంటాడు, లేకపోతే తీసి అవతల పారేస్తాడు.

"సగం చచ్చినవే. రొయ్యని బతికించడం రానివాళ్లు కూడా కొట్లు పెట్టేశారు" అన్నాడు.

"ముప్ఫై ఏళ్లుగా ఇదే మాట. వేరే కొట్టుకి పోరాదూ?" అంది వెర్నా, కాఫీ గ్లాసు అతని ముందుకు తోస్తూ.

"వాళ్లవి మొత్తం చచ్చినవి."

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, మెడ లేదు, వేళ్ల నిండా కత్తి గాట్ల తెల్లటి మచ్చలు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా రేవులో రేకు బల్ల ముందు నిలబడి ఇతరులు పట్టిన చేపలు కోసిపెట్టడం అతని పని. కోస్తూ కోస్తూ తిడతాడు. చేప మూతి చూసి పట్టినవాడి బుద్ధి చెప్పగలనంటాడు. మూతి చిరిగిందా, వాడు తొందరపాటు వెధవ. ఒంటి మీద జిగురు పోయి వేలిముద్రలు పడ్డాయా, చేతులు తడుపుకోకుండా పట్టుకున్న మొద్దు. లక్షలు పోసి కొన్న పడవల్లో వచ్చే శనాదివారాల దొరలంటే అతనికి మరీ మంట. "పడవలో పెట్టిన తెరలో నీటి అడుగు చేప కనబడుతుందట! తెరలో కనబడితే సినిమా చూసుకోండి, సరస్సు దేనికి?" అనేవాడు. దొరలు నవ్వేవాళ్లు. రేవులో మేమూ నవ్వేవాళ్లం. మనిషి మీద మాత్రం మాలో ఎవరికీ పెద్ద గౌరవం ఉండేది కాదు.

ఎందుకంటే ఆల్సీ పిసినారి. ఇచ్చేదానికి అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్కటి, దాన్నీ ఎవరికీ ఇవ్వలేదు. అది సముద్రంలో కలిసే మా సరస్సు మీది పాత వంతెనకి, పడవల కోసం పైకి లేచే భాగం నుంచి లెక్కపెడితే వచ్చే పదిహేడో స్తంభం. దాని అడుగున అంతకుముందటి వంతెన రాళ్లు కూలి గొయ్యి పడింది. ఆటు వేళ నీరు స్తంభాన్ని కొట్టి చీలుతుంది. వెనకాల ఏర్పడే మరుగులో చుక్కల ట్రౌట్ చేపలు వరసగా నిలబడి, కొట్టుకొచ్చే రొయ్య కోసం చూస్తుంటాయి. ఆల్సీ పడవ ముక్కుకి ఉన్న తాడుని స్తంభం చుట్టూ తిప్పి కొక్కెంతో బిగిస్తాడు. తెల్లారకముందే వస్తాడు, పది గంటలకల్లా తన చేపలు పట్టుకుంటాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పదింటికి తాడు విప్పి, అందరూ చూసేలా ఇరవై ఆరో స్తంభం దగ్గరికి పోయేవాడు. అక్కడ పీత కూడా ఉండదు. ఎర లేని గాలం వేసి గంటసేపు కూర్చునేవాడు. మర్నాడు ఎవడైనా అక్కడికి చేరితే రోజంతా లోపల్లోపల నవ్వుకునేవాడు. పెళ్లాం లర్లీన్ కూడా ఓసారి చేపలు ఎక్కడ పడతావని అడిగింది. ఆవిడకీ ఇరవై ఆరే చెప్పాడు. ఆ తర్వాత రెండేళ్లకి ఆవిడ అక్కగారి ఊరు వెళ్లిపోయింది. పదిహేడో స్తంభం అతనికి మిగిలింది.

ఆ రోజు వెర్నా రొయ్యలు డబ్బాలో పోస్తూ మామూలుగానే అంది. "ఏదో దుంగ కొట్టుకొచ్చి నీ పదిహేడోదానికి అడ్డం పడిందట. తాడు వేసేటప్పుడు చూసుకో."

ఆల్సీ చేతిలో గ్లాసు ఆగింది. "నాదేంటి?"

"మరెవరిది? మిగతా వాటికి నడుం దాకా గుల్లలు పట్టి ఉంటే, దానికి మొలతాడు కట్టినట్టు నున్నటి గీత. నీ తాడు ఒరుసుకునే కదా."

"ఎవరెవరికి తెలుసు?"

"తెలీనివాళ్లు ఎవరో చెప్పు ముందు."

"మరి రేవులో ఆ క్లోవిస్ ఇరవై ఆరు దగ్గర ఎందుకు కూర్చుంటాడు?"

"అక్కడ చేప పడదు కదా, నిద్ర చెడదంటాడు."

ఆల్సీ కాఫీ తాగలేదు. "మరి ఒక్కడూ పదిహేడు దగ్గరికి రాలేదే?" అన్నాడు.

"నీ చోటుకి వాళ్లెందుకొస్తారు?" అంది వెర్నా, వింత ప్రశ్న విన్నట్టు.

అతనికి సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లుగా తాను వెధవలన్న వాళ్లంతా తన ఆట తెలిసే పక్కకి తప్పుకున్నారు. దొంగ ఇంట్లోనే దొంగతనం జరిగినట్టుంది. నీళ్ల మీదికి పోయాక కావాలనే పద్దెనిమిదికి కట్టాడు. ఒక్క చేపా ముట్టలేదు. ఇరవైకి మారాడు. అక్కడా అంతే. ఎనిమిదింటికి తిట్టుకుంటూ పదిహేడుకే వచ్చి, దుంగని తెడ్డుతో నెట్టేసి, తాడు నున్నటి గీతలో పడేలా తిప్పి బిగించాడు. రొయ్యని స్తంభం పక్కగా విసిరి, పెదాలు కదపకుండా పదకొండు దాకా లెక్కపెట్టి, గాలపు కర్రని రెండుసార్లు మెల్లగా ఆడించాడు. చేప పడింది. పడుతూనే ఉన్నాయి.

పదయింది. ఆల్సీ కదలలేదు. ఇరవై ఆరు దగ్గర కునుకు తీద్దామని వచ్చిన క్లోవిస్ అది చూసి, ఇంజన్ ఆపి తెడ్డు వేసుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఏం ముసలోడా, ఇవాళ అబద్ధానికి సెలవా?"

ఆల్సీ గుండె మీద చేత్తో రుద్దుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. చలికేమో అనుకున్నాడు క్లోవిస్.

"విసరగానే లాగుతావు నువ్వు, చూశాను" అన్నాడు ఆల్సీ. "పదకొండు దాకా లెక్కపెట్టు. అప్పుడు ఆడించు. అంతే. నీకు పదకొండు దాకా అంకెలు వస్తే!"

స్తంభం ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆ పదకొండు మాత్రం ఎవరికీ తెలియదు. అంత గుట్టు విప్పేసి, తిట్టేసి, అటు తిరిగి కూర్చున్నాడు. క్లోవిస్ రేవుకి వచ్చి మాకు చెబితే ఎవరూ నమ్మలేదు. "ఇవాళ నిజం చోట దర్జాగా కూర్చున్నాడు, వదిలెయ్యండి" అన్నాడు క్లోవిస్. వదిలేశాం. మధ్యాహ్నం రేకు బల్ల దగ్గరికి రాకపోతే కూడా, పొగరు దిగలేదులే అనుకున్నాం. మా తెలివి అంతే.

మూడింటికి పోటు మొదలైంది. నీరు తిరిగితే ఆల్సీ ఎప్పుడూ తాడు మార్చి కడతాడు. ఆ రోజు పడవ దానంతటదే తిరిగి వంతెన కిందికి పోయి, స్తంభానికి కొట్టుకుంటోంది. ఆ చప్పుడు విని క్లోవిస్ వెళ్లాడు.

ఆల్సీ గడ్డం ఛాతీ మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. గాలపు కర్ర మోకాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. దారం చివర చుక్కల ట్రౌట్ ఒకటి స్తంభం చుట్టూ రెండు చుట్లు తిరిగి, ఇంకా మెదులుతోంది. క్లోవిస్ ముందు చేతులు తడుపుకున్నాడు. మూతి చిరగకుండా గాలం తీసి దాన్ని నీళ్లలో వదిలాడు. ఆ తర్వాత తాడు విప్పబోతే కొక్కెం ఊడి రాలేదు. కత్తితో పడవ వైపు కోసి, మనిషిని రేవుకి తీసుకొచ్చాడు.

ఆ వారం క్లోవిస్ పదకొండు లెక్కపెట్టి పంతొమ్మిదో స్తంభం దగ్గర కూడా చేపలు పట్టాడు. మేమూ పట్టాం. పదిహేడు దగ్గర మాత్రం ఇప్పటికీ ఎవరూ ఆగరు. కొక్కెంతో సహా ఆ తాడు ముక్క దానికే ఉంది, ఈమధ్య దాని మీద కూడా గుల్లలు పట్టాయి.