డెచ్కో తల ఊపలేదు

డ్రైవరు డెచ్కో నిన్నటి పత్రికను ఉండచుట్టి బస్సు ముందద్దానికి పట్టిన ఆవిరి తుడుస్తున్నాడు. మొదటి పేజీ నిండా ఆపద్ధర్మ ప్రభుత్వపు కొత్త మంత్రి ముఖం. ఆ ముఖంతో రెండుసార్లు రుద్దేసరికి అద్దం తళతళలాడింది.

"చూశావా త్సోనవ్వా, మొదటి వారంలోనే దేశానికి పనికొచ్చాడు," అన్నాడు.

"మరీ అంత గట్టిగా రుద్దకురా. ఆదివారం ఓట్లయ్యాక ఎలాగూ అరిగిపోతాడు," అంది ముందు సీట్లోని త్సోనవ్వ. బస్సు బస్సంతా నవ్వింది.

తెల్లారినప్పటి నుంచీ ఒకటే వాన. ఊళ్లోని పింఛనుదార్లంతా షిప్కా కనుమకు విహారయాత్ర బయల్దేరారు. బస్సు పెట్కానోవ్‌ది, భోజనం పెట్కానోవ్‌ది. ఎన్నికల్లో నిలబడిందీ పెట్కానోవే. ప్రభుత్వాలు పడిపోతూనే ఉన్నాయి కాబట్టి ఓట్లు వస్తూనే ఉన్నాయి, ఓట్లు వస్తున్నాయి కాబట్టి ముసలివాళ్లకు విహారయాత్రలకు లోటు లేదు. దేశం ఎటు పోతోందో తెలియకపోయినా, ఈ ఓట్ల పుణ్యమా అని దేశమంతా చూసేశామని వాళ్లే చెప్పుకుని నవ్వుకుంటారు.

డెచ్కో పొట్టి, దిట్టమైన మనిషి. డ్రైవరు సీటుకు ఎడమవైపున్న కిటికీ మీద ఆనించి ఆనించి ఎడమ చెయ్యి కుడి చెయ్యికన్నా నాలుగాకులు ఎక్కువ నల్లబడింది. ఇంత వానలోనూ చొక్కాకు ఇస్త్రీ, మెడకు టై, బూట్లకు పాలిష్. ఇవాళ బస్సులో కూర్చున్నవాళ్లలో సగంమందిని ఆయన మగ్గాల మిల్లుకు తీసుకెళ్లాడు, వాళ్ల ఆడవాళ్లను పురిటికి ఆసుపత్రికి చేర్చాడు. తన బ్రేకు వల్ల ఒక్క మనిషి కూడా తూలి పడలేదని ఆయనకు గొప్ప. ఆ గొప్ప తప్ప చెప్పుకోడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు.

ఎందుకంటే ఆయన ఎన్నడూ ఎవరికీ ఎదురుచెప్పిన మనిషి కాదు. ఆ దేశంలో తల అడ్డంగా ఆడిస్తే సరేనని, పైకీ కిందికీ ఊపితే కాదని. మన ఊళ్లలో అయితే పెళ్లిచూపులే తారుమారైపోయేవి. డెచ్కో మెడ మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అడ్డంగానే ఆడింది. పార్టీ కార్యదర్శి ముందు ఆడింది, ఆయన్ని దించేసిన ప్రజాస్వామ్యం వాళ్ల ముందు ఆడింది, చివరికి బస్సుల కంపెనీని కారుచౌకగా కొనేసిన పెట్కానోవ్ ముందూ ఆడింది.

కనుమ మీద పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. స్మారకస్తంభం ఎక్కడుందో కూడా తెలియలేదు.

"మన భవిష్యత్తు లాగే ఉంది," అన్నాడు ఎవరో.

నవ్వారు. కానీ ఒకప్పటి యుద్ధంలో తూటాలు అయిపోతే వాళ్ల తాతముత్తాతలు శత్రువు మీదికి బండలు దొర్లించి నిలబడిన చోటది. నవ్వు ఆగాక ఆ పొగమంచుకే ఎదురుగా నిలబడి, వానలో మగవాళ్లంతా టోపీలు తీశారు. డెచ్కో కూడా తీశాడు. చల్లటి నీళ్లు బట్టతల మీంచి మెడలోకి కారుతున్నా టోపీ పెట్టుకోలేదు. వీళ్లు నా మనుషులు అనుకున్నాడు.

చిక్కుడుగింజల సూపూ, నిప్పుల మీద కాల్చిన మాంసపు కెబాప్చేలూ కడుపునిండా తిని అంతా మళ్లీ బస్సెక్కారు. పెట్కానోవ్ తరఫు కుర్రవాడు స్విలెన్ మైకు అందుకున్నాడు. చిన్నప్పుడే మ్యూనిక్ వెళ్లి, పోయిన నెలే తిరిగొచ్చాడు.

"తాతలూ, అవ్వలూ! ఆదివారం మన పెట్కానోవ్‌గారికే కదా?"

బస్సులో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా, చాలా మర్యాదగా, పైకీ కిందికీ ఊగాయి.

స్విలెన్ ముఖం వెలిగిపోయింది. జర్మనీ వాడి మెడను మార్చేసింది పాపం. అక్కడికక్కడే ఫోను తీసి, "బస్సు బస్సంతా మనదే సార్!" అన్నాడు. వెనక సీట్లలో ముసలివాళ్లు దగ్గుల వెనక నవ్వు దాచుకోలేక చచ్చారు.

ఫోను పెట్టేసి స్విలెన్ డెచ్కో పక్కకు వంగాడు. "అన్నా, మరి నువ్వు? నిన్ను విడిగా అడగమన్నారు. మనవాడు కాకపోతే తాళాలు తీసేసుకోమన్నారు."

డెచ్కో అద్దంలోకి చూశాడు. త్సోనవ్వ తల ఊపుతోంది. 'ఊపరా, నువ్వూ ఊపెయ్' అని కళ్లతోనే చెబుతోంది. నిజమే, ఒక్కసారి ఊపితే చాలు. కుర్రవాడు అవునని సంతోషపడతాడు, తను కాదన్నట్టూ ఉంటుంది, బస్సూ చేతిలో ఉంటుంది. ఆయన గడ్డం అప్పటికే సగం పైకి లేచింది.

కానీ తలమీద తడి ఇంకా ఆరలేదు. ఇన్నేళ్లూ మెడ వెనకే దాక్కున్నాను, ఇవాళ కూడానా, అని సిగ్గేసింది.

"కాదు బాబూ. నా ఓటు ఆయనకు వెయ్యను," అన్నాడు నోటితో, మైకు అక్కర్లేనంత గట్టిగా.

బస్సులో ఎవరూ దగ్గలేదు. డెచ్కో చెవులు ఎర్రబడ్డాయి. అయినా తన గొంతు తనకే నచ్చింది. తడిసిన ఘాటు రోడ్డు మీద మలుపు తర్వాత మలుపు ఎంత మెత్తగా దింపాడంటే, దారిలో కునుకు పట్టినవాళ్లు ఎవరూ లేవలేదు.

ఊరి చౌకులో బస్సు ఆగింది. స్విలెన్ ఇబ్బందిపడుతూనే చెయ్యి చాపాడు. "ఒక్కసారి తల ఊపితే పోయేది కదన్నా."

"మెడ పట్టేసింది బాబూ," అన్నాడు డెచ్కో, వెనక ఉన్నవాళ్ల గుట్టు బయటపడకుండా.

తాళాలు ఇచ్చేశాడు. సీటు వెనక్కి జరిపి, టై సర్దుకుని, వానలోకి దిగాడు. కింద ఒక్కరూ ఇంటికి వెళ్లలేదు. గొడుగులు పట్టుకుని నిలబడే ఉన్నారు. త్సోనవ్వ మెట్టు దిగి, థర్మాస్ మూతలోకి నీళ్లు వంపి, ఆయన అడుగుల ముందు నేల మీద పారబోసి, మూతను బస్సు మెట్టు మీద పెట్టింది. కొత్త పనికి వెళ్లేవాడికీ, సైన్యానికి వెళ్లేవాడికీ వాళ్లు అలాగే పోస్తారు, దారి నీళ్లలా సాగిపోవాలని.

"ఇంత వాన కురుస్తుంటే మళ్లీ నీళ్లెందుకే అవ్వా?"

"వాన అందరిదీను. ఇవి నీకు," అంది త్సోనవ్వ.

డెచ్కో ఆవిడ చెయ్యి తీసుకుని ముద్దుపెట్టుకుని, తల నిటారుగా పెట్టుకుని, నీళ్లు పోసిన చోటు మీదుగానే అడుగేసి వెళ్లిపోయాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అటే చూస్తూ ఉండిపోయి, మూత సంగతి మరిచిపోయి ఇంటిదారి పట్టింది. డ్రైవరు లేని బస్సు మెట్టు మీద ఆ చిన్న మూత వాననీళ్లతో నిండుతూ అలాగే ఉంది.