చప్పుడు లేని లాంచీ

నేను ఒక ఇంజిన్ని. నా ఎనిమిది సిలిండర్లూ పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఉంటాయి. పుట్టింది అమెరికాలో, డెట్రాయిట్‌లో, ప్యాకార్డ్ వారి కార్ఖానాలో. నా లోపల తిరిగే క్రాంక్ షాఫ్టును ఊగకుండా, ఉలక్కుండా తొమ్మిది బేరింగుల మీద కూర్చోబెట్టారు. పెద్ద చదువుల ఇంజినీర్లు ఏళ్ల తరబడి కాగితాలు ఖరాబు చేసింది ఒక్కదాని కోసమే: నేను నోరు మెదపకూడదు. నడుస్తున్న నా మీద నాణెం నిలబెట్టి, అది పడకపోతే మురిసిపోయేవారు. మా కారు ఎలాంటిదో తెలియాలంటే ‘కారు ఉన్నవాణ్ణి అడగండి’ అని పత్రికల్లో వేయించేవారు. నన్ను అడగమని మాత్రం ఎవరూ వేయించలేదు.

ఓడెక్కి గోదావరి జిల్లాలో ఒక జమీందారుగారి ఇంటికి వచ్చాను. నలుగురూ తిరిగి చూడాలని ఆయన నన్ను కొన్నారు. చప్పుడు లేకుండా పోయేదాన్ని ఎవరు తిరిగి చూస్తారు? పాపం, డ్రైవరు ఊరు మొదలు నుంచి చివరి దాకా హారను మోగిస్తూనే ఉండేవాడు. జమీలు పోయాక గొలుసులు కట్టి నన్ను కారులోంచి పైకి లాగారు. నా ఒంట్లో, అంటే ఆ ఖాళీ కారులో, కోళ్లను పెట్టుకున్నారు. ఒంటికీ నాకూ వీడ్కోలు ఏమీ జరగలేదు. అప్పటి నుంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా నాకు గుండె దడ.

నన్ను కొన్నది పల్లపులంక రేవులోని లాంచీ యజమాని సూర్యప్రకాశంగారు. ఆయన పాత ఇంజిను ‘డుబుడుబు’మని రెండు మైళ్లు వినపడేది. అది అరిగిపోతే నన్ను లాంచీ అడుగున బిగించి, నాకు కిరసనాయిలు తాగడం అలవాటు చేశారు. దానికీ అలవాటు పడ్డాను.

వారం తిరిగేసరికి లాంచీ ఖాళీ. లంకలో ఎవరింట్లోనూ గడియారం లేదు. పాత ఇంజిను చప్పుడు వినపడ్డాకే మూట కట్టుకుని బయలుదేరడం వాళ్ల అలవాటు. నేను ఎప్పుడు వచ్చానో, ఎప్పుడు పోయానో ఎవరికీ తెలియలేదు.

“ఇదేం ఇంజినురా భైరవసామీ? మౌనవ్రతం పట్టిన సన్నాసిలా ఉంది!” అన్నారు సూర్యప్రకాశంగారు లాంచీ నడిపే సరంగుతో. “పాత ఇనప కొట్టు కామయ్యను రమ్మన్నా. ఇవాళే పీకించేస్తా.”

“బంగారంలాంటి ఇంజినండి. పీకించేయకండి బాబూ,” అన్నాడు సరంగు.

“బంగారమైతే కామయ్యనెందుకు పిలుస్తాన్రా?”

కామయ్య అదే లాంచీలో ఉన్నాడు, నా బరువు చేతివేళ్ల మీద అంచనా వేస్తూ. నూకాలు కూడా ఉంది. మొగుడికి ఖరగ్‌పూర్ రైల్వేలో పని దొరికితే కాపురానికి పోతోంది. అమ్మ అట్లపెనం ఎవరిదన్న దగ్గర అక్క అచ్చాయమ్మతో దెబ్బలాట. రెండు వారాలుగా మాటల్లేవు.

“రేవుకైనా రాలేదు చూడండి,” అంటూ ముక్కు చీదింది నూకాలు. లాంచీ కదిలింది.

నది సగం దాటాక గట్టు మీంచి ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. అచ్చాయమ్మ గరిటెతో పెనం వాయిస్తోంది.

“ఒసే నూకాలూ! పెనం తెచ్చానే! లాంచీ చప్పుడు కోసం పొయ్యి దగ్గరే కూకున్నా! వినపడితేగా!”

పాత ఇంజినైతే ఈ మాట నీళ్లలో కలిసిపోయేది. నేను తొమ్మిది బేరింగుల మీద ఊపిరి బిగపట్టి నడుస్తున్నాను.

“అలిగావనుకున్నానే అక్కా!”

“అలిగానే! అయినా తెచ్చా!”

“నీకాడే ఉంచు! నేనొచ్చినప్పుడు అట్లు పోద్దువుగాని!”

“బెల్లం పాకంతోనా?”

“ఆఁ! నెయ్యి కూడా ఎయ్యాలి! పిసినారితనం చేశావంటే ఊరుకోను!”

లాంచీలో అందరూ నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకున్నారు. కామయ్య, “దీన్ని నేను పగలగొట్టలేనండి. పొద్దున్న మా ఆవిడతో చెప్పకుండా వచ్చేశాను,” అన్నాడు.

“ఏడుపులు బానే ఉన్నాయి. జనం ఎలా వస్తారయ్యా?” అన్నారు సూర్యప్రకాశంగారు.

“రెండూ అవుతాయండి,” అన్నాడు భైరవస్వామి.

మర్నాడు నా పొగగొట్టానికి, సైలెన్సరుకు ముందు, చిల్లు పొడిచి దానికి రేకుమూత బిగించాడు. రేవులో మూత తీస్తే ఊరంతా అదిరిపోయేలా అరిచేదాన్ని. జనం మూటలతో పరుగెత్తుకొచ్చేవారు. తాడు విప్పగానే మూత వేసేవాడు. గట్టు మీది వాళ్లూ లాంచీలోని వాళ్లూ నది సగం దాకా మాట్లాడుకునేవారు. మందులు, కోడిపెట్టలు, తిట్లు, మళ్లీ ఎప్పుడొస్తావని. అచ్చాయమ్మ మాత్రం ఏళ్ల తరబడి, లాంచీ వచ్చిన ప్రతిసారీ “మా నూకాలు ఉందా?” అని అడిగేది. నూకాలు గొంతు నాకు మళ్లీ వినపడలేదు. అయితేనేం, వాళ్లిద్దరి మధ్యా చివరికి మిగిలింది దెబ్బలాట కాదు, అట్ల మాట.

తర్వాత వంతెన వచ్చింది. లాంచీ ఆగింది. ఇప్పుడు నేను పట్నంలో, ఒక కాలేజీ ప్రదర్శనశాలలో గాజు వెనక ఉన్నాను. నన్ను బాగుచేయడానికి వచ్చిన పెద్దమనిషి తొమ్మిది బేరింగులూ చూసి చేతులు జోడించాడు. తర్వాత రేకుమూత చూసి ముఖం చిట్లించాడు.

“ఇది కంపెనీది కాదు,” అని పీకి చెత్తబుట్టలో పడేశాడు.

అదెందుకో నన్ను అడిగితే చెప్పేదాన్ని. మూత ఉన్న చోట చిల్లు పూడ్చేశారు. ఒక్క మాట అనుకోవడానికైనా మూతకీ నాకూ వీలు లేకపోయింది.