రివ్కమ్మ కొత్త సంవత్సరం

ఇజ్రాయెల్ మీద రాత్రి క్షిపణులు పడ్డాయని పొద్దున్నే టీవీలో చూసినప్పటి నుంచి సుమన ఫోను కింద పెట్టలేదు. ఆ దేశంలో రివ్కమ్మ అనే ముసలామెకు ఆరేళ్లు సేవ చేసింది. అత్త నర్సింగమ్మ కాలు విరగడంతో పోయిన ఏడు తన ఊరు మర్రిగూడకు వచ్చేసింది. ఇప్పుడు ఎన్నిసార్లు చేసినా రివ్కమ్మ ఫోను స్విచాఫ్. ఆమె దగ్గరికి కొత్తగా వచ్చిన నేపాలీ అమ్మాయి నంబరు సుమన దగ్గర లేదు.

"పూలు వాడిపోతున్నయి. బతుకమ్మ ఎప్పుడు పేరుస్తవే?" అంది నర్సింగమ్మ. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండుగలో మొదటిది.

"జర ఆగు అత్తమ్మా. ఆడ పొద్దుగూకితే ఇంక ఆమె ఫోను ముట్టదు. గీ అమాసతోటే వాళ్లకు కొత్త సంవత్సరం. రెండు దినాలు పండుగ, ఆ మీద శనివారం, వాళ్లకు దేవుని దినం. ఫోను ముట్టరు, లైటు గూడ ఎయ్యరు."

"పండుగనే గద. గంత ఫికర్ ఎందుకు?"

సుమన మళ్లీ ఆ నంబరే నొక్కింది. ఏటా ఈ పండుగకు రివ్కమ్మను చక్రాల కుర్చీలో ప్రార్థన మందిరానికి తీసుకుపోయేది తనే. అక్కడ పొట్టేలు కొమ్ము ఊదుతుంటే ముసలామె సుమన చెయ్యి గట్టిగా పట్టుకునేది. వచ్చే ఏడాది ఎవరు ఉండేదీ, ఎవరు పోయేదీ దేవుడు ఆ రోజే రాస్తాడని ఆమె నమ్మకం.

సాయంత్రం బతుకమ్మ ఆడుతుంటే సుమన చప్పట్ల తాళం తప్పింది. రెండుసార్లు పక్కకు వెళ్లి ఫోను చేసింది. ఇంటికొచ్చి ఆపిల్ కోసి, ముక్కలు తేనెలో ముంచి కూతురు అక్షితకు పెట్టింది.

"గిదేంది అమ్మా?"

"ఏడాదంతా తియ్యగుండాలని ఆడ గిట్లనే తింటరు."

తన ముక్క మాత్రం పళ్లెంలోనే వదిలేసింది.

తర్వాతి రోజుల్లో ఆమె పొయ్యి మీద కూర మాడ్చింది, పిలిస్తే పలకలేదు. ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో పెసలు చెరుగుతుంటే ఫోను మోగింది.

"బతికే ఉన్నాను, ఏడవకు," అంది రివ్కమ్మ తన భాషలో. ఆ రాత్రి నేపాలీ అమ్మాయి తనను బాంబుల నుంచి తలదాచుకునే గదిలోకి దించుతుంటే ఫోను మెట్ల మీద పడి పగిలిందట. పండుగ వెళ్లాక ఈ రోజే బాగు చేయించిందట.

"కొమ్ము విన్నారా?"

"మందిరానికి పోలేదు. పక్కింటి ముసలాయన మా గుమ్మంలోకి వచ్చి ఊదాడు. మధ్యలో ఆయాసంతో ఆగి, మళ్లీ ఊదాడు."

"ఆపిల్ ఎవరు కోశారు?"

"ఈ పిల్లే. నీకంటే సన్నగా కోస్తుంది."

సుమన నవ్వింది కానీ గుండెలో ఎక్కడో చురుక్కుమంది.

"మళ్లీ రావా?" అంది రివ్కమ్మ.

"మా అత్తకు ఇంకా కాలు కుదరలేదు."

"అయితే ఆమె దగ్గరే ఉండు."

ఫోను పెట్టేశాక నర్సింగమ్మ కుంటుకుంటూ వచ్చింది. "ఏమంటాందే?"

"నీ దగ్గర్నే ఉండుమంటాంది."

నర్సింగమ్మ కోడలి పక్కన కూర్చుంది. చాట తన ముందుకు లాక్కుని, మిగిలిన పెసలు తనే చెరగసాగింది.