దొరబాబు నోరు మూసుకున్న ఆదివారం

నేను ఒక మాట్లాడే బొమ్మను. పేరు దొరబాబు. నల్లకోటు, ఎర్ర టై, బుగ్గల మీద గులాబీ రంగు. నా గురించి లోకం చెప్పుకునేదాంట్లో బొమ్మ అన్నది నిజం, మాట్లాడతానన్నది పచ్చి అబద్ధం. వీపులోంచి చెయ్యి దూర్చి తాడు లాగితే నా దవడ ఆడుతుంది, అంతే. మాట ఇంకొకరిది, తిట్లు మాత్రం నావి. ఈ ఒక్కసారికి సొంతంగా నోరు విప్పుతున్నాను కాబట్టి కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఓర్చుకోండి. గెలిచినవాడికి ఆ మాత్రం చనువు ఉండాలి.

నన్ను కొండపల్లిలో పొణికి చెక్కతో చెక్కినాయన నాంచారయ్య. దేవుళ్లనీ ఏనుగు అంబారీలనీ చేసి చేసి విసుగెత్తినట్టున్నాడు, నా దగ్గరికి వచ్చేసరికి చేతికి సరదా పుట్టింది. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో నాకు ముక్కు అతికించి, "కాస్త పొడుగైంది గానీ ఉండనీలే. పరాయివాళ్ల సంగతుల్లో దూర్చడానికి పనికొస్తుంది" అని నవ్వుకున్నాడు. మహానుభావుడు, ఏ ముహూర్తాన అన్నాడో!

నన్ను చేయించుకున్నది సాంబమూర్తి మాస్టారు. బళ్లల్లో, పెళ్లిపందిళ్లల్లో పెదవి కదపకుండా మాట్లాడే విద్య చూపించేవాడు. మనిషి వెన్న, జోకులు మాత్రం పాతచింతకాయ పచ్చడి. దోమతెరలు కట్టుకోండి, చేతులు కడుక్కోండి అని నా చేత ఎన్ని ఊళ్లల్లో హితబోధ చేయించాడో లెక్కలేదు. నేను చేతులు కడుక్కుంటే రంగు పోతుందన్న ఆలోచన ఆయనకెప్పుడూ రాలేదు. చివరికి కట్టుడుపళ్లు పెట్టించుకున్నాక పెదవులు ఆయన మాట వినడం మానేశాయి. అప్పుడు నన్ను తీసుకెళ్లి మేనకోడలు హైమవతి ఒళ్లో పెట్టాడు.

హైమవతి పుల్లేటిపాడు కేబుల్ టీవీలో వార్తలు చదివేది. వార్తలంటే మరేం లేదు, రేపు ఏ వీధిలో కరెంటు ఉండదు, ఎవరి పెద్దకర్మ ఎక్కడ జరుగుతుంది, అంతే. ఎరువుల కొట్టు మేడమీద ఒక గది, అందులో ఒక కెమెరా. కాగితం చూసి చదవమంటే చదివేది గానీ, నలుగురిలో సొంత మాట ఒకటి అనాలంటే చెమటలు పట్టేవి. కొట్లో తన వంతు ఎవరైనా లాక్కుంటే వెనక్కి జరిగి నిలబడే రకం. అలాంటి పిల్ల మామయ్య విద్యని మాత్రం ఇట్టే పట్టేసింది. ఇంట్లో తలుపేసుకుని నా చేత ఎన్నెన్ని అనిపించేదో! నేను వాగుతూ ఉంటే తను నవ్వుకుంటూ వినేది. అవన్నీ తన కడుపులో మాటలేనని మా ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు కేబుల్ యజమాని బుజ్జిబాబు, "ఆదివారం పొద్దున అరగంట ఖాళీగా ఉందమ్మా, ఏదో ఒకటి చేసిపెట్టు" అన్నాడు. హైమవతి నన్ను సంచిలో పెట్టుకుని వచ్చింది. అలా మొదలైంది 'వారం వాయి'. వారమంతా పులిసిన వార్తల పిండిని ఆదివారం ఒక వాయిగా దించి వేడివేడిగా వడ్డించడం మా పని.

వడ్డించాం చూడండి! టమాటా ధర చెట్టెక్కిన వారం, పెళ్లిభోజనంలో టమాటా పప్పు వడ్డిస్తే బంధువులు కళ్లకద్దుకుని తిన్నారని చెప్పాను. ఒక హీరోగారి సినిమా టీజరు ఎప్పుడొస్తుందో చెప్పే పోస్టరు ఎప్పుడొస్తుందో ప్రకటించారు. ఆ ప్రకటనకే మన కుర్రాళ్లు పాలాభిషేకం చేశారు గనక, సినిమా వచ్చేసరికి ఊళ్లో గేదెలు వట్టిపోతాయని బెంగపడ్డాను. తుఫాను వార్త చెప్పే టీవీ విలేకరి నీళ్లల్లో గొంతుక్కూర్చుని పీకల్లోతు వరదన్నాడని, వెనకాల కోడి నడిచిపోవడం నేనే చూశానని చెప్పాను. రాత్రి సీరియల్లో అత్తగారు దసరా నుంచి స్పృహలో లేదు. ఆవిడ కళ్లు తెరిచేలోగా మనవడికి పెళ్లీడు వస్తుందన్నాను. మర్నాడు ఆ సీరియల్ చూసే ఆడవాళ్లు దండెత్తి వచ్చి, హైమవతికి మజ్జిగ ఇచ్చి, నన్ను మాత్రం దుమ్మెత్తిపోశారు.

మనుషుల్లో ఉన్న చిత్రమే అది. తాడు ఎవరి చేతిలో ఉందో ఊరందరికీ తెలుసు. అయినా అందరూ నాతోనే మాట్లాడతారు. శాలువా నాకే కప్పారు. "బాగా చెప్పావురా దొరబాబూ" అని నా బుగ్గ గిల్లి, పక్కన నిలబడ్డ పిల్లని పలకరించకుండా వెళ్లిపోయేవారు. హైమవతికి అదే హాయిగా ఉండేది.

ఇంతలో మున్సిపల్ చైర్మన్ కోటిలింగం గారు గట్టుకింద కాలనీలో బస్ షెల్టర్ కట్టించారు. ఆయన ఒకసారి, ఆయన బావమరిది ఒకసారి, ఫొటో సరిగా రాలేదని మళ్లీ ఆయనే ఒకసారి రిబ్బన్ కత్తిరించారు. తీరా చూస్తే ఆ కాలనీకి బస్సే రాదు. కాలవ మీద కల్వర్టు సగంలో ఆగిపోయింది, బస్సు దాటలేదు. ఆ ఆదివారం నేను, "మూడుసార్లు రిబ్బన్ కోశారు గానీ, కోయడానికి ఒక్క టికెట్టు లేదు" అన్నాను. ఊరు పగలబడి నవ్వింది.

చైర్మన్ గారు నవ్వలేదు. వచ్చే ఆదివారం అందరూ చూస్తుండగా క్షమాపణ చెప్పకపోతే మున్సిపాలిటీ స్తంభాల మీద కేబుల్ వైరు ఒక్కటి మిగలదని బుజ్జిబాబుకి కబురు పెట్టారు. బుజ్జిబాబు ఆయన దగ్గరికి పరుగెత్తుకెళ్లి, అమ్మాయి చేత చెప్పిస్తానన్నాడు.

"అమ్మాయి ఎందుకయ్యా?" అన్నారు చైర్మన్ గారు. "ఆ పిల్ల నన్నేమీ అనలేదు. అన్నవాడు ఆ కోటుగాడు. వాడే చెప్పాలి!"

ఆదివారం ఆయన గంజి పెట్టిన ఖద్దరు చొక్కాలో స్వయంగా విచ్చేశారు. నాకు ఎదురుగా కుర్చీ వేయించుకుని, నా కళ్లల్లోకి గుచ్చి చూశారు. నా వీపులో హైమవతి చెయ్యి ఉంది. కార్యక్రమం పోతే పోయింది, బుజ్జిబాబు పొట్ట కూడా కొట్టినట్టవుతుందని ఆ పిల్ల భయం. అందుకని తాడు లాగింది.

"తప్పైపోయిందండీ చైర్మన్ గారూ," అన్నాను. "బస్సు రాని చోట షెల్టర్ కట్టారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి మీరు షెల్టర్ వెనక్కి తీసుకుంటారా?"

బుజ్జిబాబు నెత్తి కొట్టుకున్నాడు. చెప్పమన్న మాట అది కాదు, ఆ పిల్ల కడుపులో మాట.

"ఒరేయ్! ఎందుకు తీసుకుంటానురా? ఎండకీ వానకీ జనం నిలబడరూ?"

"నిలబడుతున్నాయండీ, మేకలు. మిమ్మల్ని మనసారా దీవిస్తున్నాయి."

"కల్వర్టు అవ్వగానే బస్సొస్తుంది!"

"ఎప్పుడవుతుందండీ?"

"అవుతుంది."

"సీరియల్లో అత్తగారు కూడా లేస్తుందనే అంటున్నారండీ."

కోటిలింగం గారు లేచి నిలబడ్డారు. ముఖం జేవురించింది. ఊరు చూస్తోందన్న సంగతి మరిచిపోయి నా ముక్కు మీద వేలు పెట్టారు. "అసలు నీకెందుకురా బస్సు? చెక్కముక్కవి! నువ్వెక్కడికి పోవాలి?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం నేనూ ఎదురు చూశాను. తాడు కదల్లేదు. హైమవతి చెయ్యి నా వీపులోంచి మెల్లగా బయటికొచ్చింది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది. నా దవడ టక్కున మూసుకుంది.

"వాడికి అక్కర్లేదండీ," అంది. పెదవులు కదిలాయి. "నాకు కావాలి."

గొంతు చిన్నది, కానీ ఆగలేదు. "మాది గట్టుకింద కాలనీయేనండీ. మొన్న మా పక్కింటి కోడలికి నొప్పులొస్తే మంచం మీద వేసి మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లారు. దారిలో మీ షెల్టర్లోనే దించి ఊపిరి తీసుకున్నారు. అది మాకు పనికొచ్చింది ఆ ఒక్కసారేనండీ. నేను క్షమాపణ చెప్పను."

చైర్మన్ గారు మొదటిసారి ఆ పిల్ల ముఖం చూశారు. కూర్చున్నారు. నీళ్లు తాగారు.

"ఈ మాట ముందే నా దగ్గరికొచ్చి చెప్పకూడదటమ్మా?"

"వచ్చానండీ. మీ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, నోరు రాక తిరిగెళ్లిపోయాను. ఒకసారి కాదు."

ఆయన చొక్కా మడత సవరించుకున్నారు, కెమెరా వైపు ఒకసారి, ఆ పిల్ల వైపు ఒకసారి చూశారు. "వినాయకచవితి లోపల కల్వర్టు అవుతుంది. ఊరంతా విన్నారుగా, ఇంక నేనెక్కడికి పోతాను?" అన్నారు.

ఎక్కడికీ పోలేకపోయారు. టీ తాగుతుంటే కల్వర్టు, గుడికెళ్తే కల్వర్టు, పెళ్లికెళ్తే అక్షింతలతో పాటు కల్వర్టు. కాంక్రీటు పడింది. మధ్యలో ఒక ఆదివారం ఆయన పేరెత్తకుండా వాయి దించితే, "ఈ వారం నా మీద ఒక్క ముక్కా లేదేం?" అని స్వయంగా ఫోన్ చేసి నిష్ఠూరమాడారు. చెప్పానుగా, మనుషులు చిత్రమైనవాళ్లని. నేను అన్నవి, అనిపించుకున్నవి చాలా ఉన్నాయి. నా జన్మలో ఘనకార్యం మాత్రం ఆరోజు నోరు మూసుకోవడమే.

చవితికి ముందురోజు బస్సు వచ్చింది. కొత్త కల్వర్టు దాటి, హారను మోగించుకుంటూ, మేకల్ని తోలుకుంటూ. కాలనీ మొత్తం ఒక్కసారి ఎక్కేసింది. హైమవతి వాళ్లమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. హైమవతి నన్ను చంకనేసుకుని నిలబడింది. తోపులాటలో ఎవరి మోచెయ్యో తగిలి నా దవడ తెరుచుకుంది. అలాగే నోరు వెళ్లబెట్టి చూస్తున్నాను.

ఎదురుసీటు ముసలావిడ చెయ్యి చాచింది. నా బుగ్గ గిల్లుతుందనుకున్నాను. ఆ చెయ్యి నన్ను దాటిపోయి హైమవతి మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్, వచ్చే ఆదివారం మంచినీళ్ల సంగతి కూడా అడుగు."

"అడుగుతాను పెద్దమ్మా," అంది హైమవతి, బస్సంతా వినబడేలా.