పడమటి గదిలో మాచర్ల లైను

గుంటూరులో ఒక దొర ఇల్లు ఖాళీ చేస్తూ సామాను వేలం వేస్తున్నాడని తెలిసి, సరస్వతమ్మ మొగుణ్ణి బీరువా తెమ్మని పంపింది. ఇంట్లో గుడ్డలు పెట్టడానికి చోటు చాలక, అటక మీదికి ఎక్కిస్తూ కిందికి దించుతూ ఆవిడ నడుం పడిపోయింది. వెళ్ళిన మనిషి మర్నాడు గురజాల స్టేషన్లో దిగాడు. బీరువా లేదు. పసిబిడ్డని పెట్టుకున్నట్టు ఒళ్ళో ఒక అట్టపెట్టె పెట్టుకుని బండిలో ఇంటికొచ్చాడు. ఆ పెట్టెలో కీ ఇస్తే నడిచే బొమ్మ రైలు ఉంది.

త్రికోటయ్యకి అప్పుడు నలభై ఏడేళ్ళు. ఎనభై ఎకరాల ఆసామి. ఊళ్ళో ఏ తగువు వచ్చినా ఆయన పంచలో తేలాల్సిందే. అంతటి పెద్దమనిషి ఆ సాయంత్రం నాపరాళ్ళ మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, కళ్ళు చికిలించి, ఇంజను ఎదురుగా వస్తుంటే ఎట్లా ఉంటుందో చూస్తున్నాడు. ఎన్నడూ చూడని కోణంలో మొగుణ్ణి చూసిన సరస్వతమ్మ, గుండెనొప్పి వచ్చి పడిపోయాడనుకుని గావుకేక పెట్టింది.

అది స్వరాజ్యానికి ముందటి ఏడు. దొరలంతా ఒకరి వెనక ఒకరు మూటాముల్లె సర్దుకుంటున్నారు. దొర ఉన్న ప్రతి ఊళ్ళోనూ వేలం, ప్రతి వేలంలోనూ త్రికోటయ్య. దేశం మొత్తం దొరల్ని ఖాళీ చేయిస్తుంటే, దొరల రైళ్ళు వచ్చి సరస్వతమ్మని ఖాళీ చేయించడం మొదలుపెట్టాయి.

మొదట పంచలో ఒక మూల చాలన్నాడు. రెండో రైలు రాగానే నడవ కావాలన్నాడు. నడవలో నడిచేవాళ్ళు పట్టాలు తొక్కుతున్నారని పడమటి గదికి మకాం మార్చాడు. అది ఇంట్లోకల్లా పెద్ద గది. గాలి, వెలుతురు, తలుపుకి మంచి గడియ ఉన్న గది. సరస్వతమ్మ అత్తగారికి అందులోనే పురుడు వచ్చింది, సరస్వతమ్మకీ అందులోనే వచ్చింది. ఆ గదిలోంచి ఊరగాయ జాడీలు వంటింట్లోకి, కందిపప్పు కుండలు మంచం కిందికి, మంచం వసారాలోకి పోయాయి. పట్టాలు చాలకపోతే బజార్లో రేకుపని చేసే కాలేషా కిరసనాయిలు డబ్బాలు కోసి కొత్తవి చేసిపెట్టాడు. కాలేషా చెయ్యి మంచిది, దొరల పట్టాలకీ అతని పట్టాలకీ తేడా తెలిసేది కాదు. అందుకని లైను ఆగడానికి ఏ అడ్డూ లేకపోయింది. కిటికీ కింద నడికుడి, గూట్లో గురజాల, పురిటి మంచం వేసే చోట మాచర్ల వెలిశాయి. ఉన్న నాలుగు గోడలూ సరిపోక త్రికోటయ్య తూర్పు గోడని పడగొట్టిస్తే ఎట్లా ఉంటుందా అని వేళ్ళతో కొట్టి చూస్తుండేవాడు.

ఒకనాడు బావమరిది వరసయ్యే వీరయ్య చుట్ట కాలుస్తూ లోపలికొచ్చి, ఇంజను వెనక పెట్టెలో నుసి రాల్చాడు.

"బొగ్గేశా బావా. ఇంక చూడు, ఎట్టా పరిగెత్తుద్దో."

త్రికోటయ్యకి ఒళ్ళు మండిపోయింది. బావమరిదిని కొట్టలేడు, రావద్దనీ అనలేడు. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే పంచలో పదిమంది ముందు గదికి మడి ప్రకటించాడు. స్నానం చెయ్యకుండా ఎవరూ గడప దాటకూడదన్నాడు. ఆ వంశంలో మడి అన్న మాట ఎవరూ ఎరగరు. ఆయన తండ్రి దుక్కి మధ్యలో మట్టిచేతులతోనే సంగటి తిన్న మనిషి. అయినా పెద్దాయన మాట కాబట్టి అందరూ తలలూపారు.

"మరి రైలుకో బావా, దానికి తానం వద్దా?" అన్నాడు వీరయ్య.

"దానికి నీళ్ళు తగిలితే తుప్పు పడుద్ది, స్ప్రింగు చచ్చిద్ది," అన్నాడు త్రికోటయ్య, మడి సంగతి అంతటితో తేలిపోయినట్టు.

ఆ మడి మొదట కాటేసింది సరస్వతమ్మనే. కళ్ళంలో మిరపకాయలు ఎండుతుండగా ఉరుము లేని వాన పడింది. ఏడాది పచ్చళ్ళకి ఏరి పెట్టుకున్న బస్తాని ఆవిడ గబగబా ఈడ్చుకొచ్చి, దగ్గరగా ఉందని పడమటి గదిలో పడేసింది. అప్పటికి స్నానం కాలేదు. త్రికోటయ్య చూశాడు. బస్తాని అట్లాగే ఊరవతల పల్లెలో ఉండే మంత్రసాని ఫిలోమినా ఇంటికి పంపించేశాడు.

"ఈ గదిలో మైలపడిన వస్తువు ఏదైనా సరే, ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. కోటప్పకొండ సామి సాక్షి," అన్నాడు. వీరయ్యతో సహా పంచలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ఆ ఏడు ఆ ఇంట్లో ఆవకాయ పక్కింటి నుంచి వచ్చింది.

అదైనా ఓర్చుకుంది సరస్వతమ్మ. కూతురు మల్లీశ్వరికి నెలలు నిండుతున్నాయని అత్తవారి ఊరు మాచవరం నుంచి కబురు వచ్చినప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయింది. తొలి కాన్పు, పుట్టింట్లో జరగాలి. ఆవిడ వెళ్ళి మొగుడి ముందు నిలబడింది.

"అమ్మాయికి పడమటి గది కావాలయ్యా. నీ పట్టాలు తీసెయ్."

"తీస్తే మళ్ళీ కుదరవే. మాచర్ల దగ్గిర మలుపు నిలబడటానికి కాలేషాకి ఇరవై రోజులు పట్టింది."

"మరి పిల్ల యాడ కంటది?"

"గడ్డికొట్టం ఉందిగా. తడికెలు కట్టిస్తే వాన పడదు. నెల రోజులేగా."

పడమటి గదిలోనే సరస్వతమ్మ రెండు రాత్రులు నొప్పులు పడి మల్లీశ్వరిని కంటే, ఈయన గడప బయట కూర్చుని ఏడ్చాడు. ఆ మనిషేనా ఈ మనిషి అనుకుంది. వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని కడుపారా ఏడ్చింది.

మల్లీశ్వరి వచ్చింది. గొడ్ల పక్కన అమ్మ చూపించిన గడ్డికొట్టం చూసింది. తండ్రిని ఏమీ అనలేదు. నవ్వూ లేదు, కోపమూ లేదు. వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల మొహం మూసిన తలుపులా ఉండిపోయింది.

స్వరాజ్యం వచ్చిన నెలలోనే, బెజవాడలో ఎవరో రైల్వే దొర పెద్ద ఇంజను అమ్ముతున్నాడని త్రికోటయ్య గది తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని వెళ్ళాడు. వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం, చెప్పిన గడువుకి రెండు వారాల ముందే మల్లీశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. బయట కుండపోతగా వాన. గడ్డికొట్టంలో తడికెల సందుల్లోంచి జల్లు మంచం మీదే పడుతోంది. ఫిలోమినా తడిసి ముద్దై వచ్చి, ఆ మంచం చూసి నిలబడిపోయింది.

"ఇక్కడ నేను పురుడు పొయ్యనమ్మా. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు," అంది.

ఆ సమయానికి కాలేషా కొత్తగా అతికిన రైలు పెట్టె గోనెపట్టాలో చుట్టుకుని వచ్చాడు. సరస్వతమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని పడమటి గది ముందుకి తీసుకుపోయింది.

"తాళం పగలగొట్టు తమ్ముడూ."

"అక్కా, అన్నకి తెలిస్తే నన్ను బతకనీయడు."

"నీ మేనకోడలు లాంటిది గొడ్ల పక్కన కంటే నిన్ను నేను బతకనీయను."

కాలేషా సుత్తి తీశాడు. మాచర్ల మీద పరుపు వేశారు. తక్కినవి తియ్యడానికి ఎవరికీ తీరిక లేదు. నడికుడి నుంచి గురజాల దాకా అన్ని రైళ్ళూ చూస్తుండగా, రెండు గంటల్లో మల్లీశ్వరికి ఆడపిల్ల పుట్టింది. వానకంటే గట్టిగా ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం త్రికోటయ్య ఒళ్ళో కొత్త ఇంజను పెట్టెతో బండి దిగాడు. పడమటి గది గుమ్మానికి వేపరొట్ట కనిపించింది. లోపల్నించి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. పురిటి గది కాబట్టి పదకొండో రోజు దాకా మగవాడు గడప దాటకూడదు. ఆయన పరుగున కిటికీ దగ్గరికి పోయి ఊచలు పట్టుకున్నాడు. మల్లీశ్వరి తల తిప్పి తండ్రి వంక చూసింది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఆయన్ని తిన్నగా చూడటం అదే మొదలు.

"ఇంజన్ల మీద నీళ్ళేం పళ్ళేదు గదా?" అన్నాడు త్రికోటయ్య.

మల్లీశ్వరి మొహం గోడ వైపు తిప్పేసుకుంది. బిడ్డకి కాపడం పెడుతున్న సరస్వతమ్మ చెయ్యి ఆగిపోయింది. మొగుడి మీద ఆవిడకి మిగిలిన కాస్త జాలీ ఆ మాటతో పోయింది.

"పళ్ళేదయ్యా. యాడివి ఆడే ఉన్నయ్," అంది నిదానంగా. "నీ రైళ్ళన్నీ పురిట్లోనే ఉన్నయ్."

ఆయన స్థిమితపడి వెళ్ళిపోయాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆయనకి పదకొండో రోజుదాకా తెలియలేదు.

పదకొండో రోజు పురుడు చేశారు. ఊళ్ళో పెద్దలు భోజనాలకి వచ్చి పంచలో కూర్చున్నారు. వీరయ్య అందరికంటే ముందే వచ్చాడు. పురిటి గదిలో వాడిన చాప, బొంత, పాత చీరలు మంత్రసానికి ఇచ్చెయ్యడం ఆనవాయితీ. వాటితోపాటు ధాన్యం, కొత్త చీర పెట్టించుకుని ఫిలోమినా వాకిట్లో నిలబడింది. సరస్వతమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఆగు ఫిలోమినా, ఇంకా ఉన్నయ్. వాటికి బండి కట్టాల."

"ఏంది ఉండేది?" అన్నాడు త్రికోటయ్య.

"రైళ్ళు. పురిట్లో మైలపడినయ్. ఈ గదిలో మైలపడింది ఏదైనా ఈ ఇంట ఉండదని కోటప్పకొండ సామి సాక్షిగా అన్నది నువ్వేగా."

త్రికోటయ్య మొహం కందగడ్డ అయింది.

"ఇనుముకి మైలేందే, పిచ్చి మాటలు."

"ఇనుముకి లేని మైల మిరక్కాయలకి యాడిది బావా?" అన్నాడు వీరయ్య, పెద్ద ధర్మసందేహం వచ్చినవాడిలా.

"సరే, పోనీ," అంది సరస్వతమ్మ. "బావిలో ఒక్కొక్కటీ ముంచి తీద్దాం. మైల పోద్ది."

"స్ప్రింగులు చచ్చిపోతయ్!"

"అయితే మడీ గిడీ అంతా నువ్వు కట్టిన కత అని ఈళ్ళందరి ముందూ చెప్పు. వీరయ్యన్న చుట్ట ఎలిగించుకుని లోపలికి పోతాడు."

వీరయ్య అప్పటికే మొలలోంచి చుట్ట తీశాడు. త్రికోటయ్య గది వంక చూశాడు, పంచలోని పదిమంది వంకా చూశాడు. సామి మీద పెట్టిన ఒట్టే ఉత్తదంటే రేపు తను తీర్చిన తగువుని ఎవడు లెక్కచేస్తాడు? ఆయన కండువాతో మొహం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా, తీసుకుపొమ్మన్నాడు.

"నాకెందుకమ్మా ఇయ్యన్నీ?" అంది ఫిలోమినా బెదిరిపోయి. "ఒంటి నిట్టాడి కొంప. నలుగురం కాళ్ళు జాపుకుంటే చోటుండదు." అంతలోనే పట్టాల వంక చూసి ఆలోచించింది. "ఇంట్లో లేదుగానీ, ఈది ఉందిలే. మా ఈది చానా పొడుగు. ఎవురూ తానం చెయ్యకుండానే ఆడుకుంటారు."

పట్టాలు చేసిన కాలేషాయే పట్టాలు విప్పాడు. బండి రెండు తిరుగుళ్ళు తిరిగితే తప్ప లైను మొత్తం పల్లె చేరలేదు. ఆడవాళ్ళు గది కడిగి, ముగ్గు వేసి, సాంబ్రాణి పొగ వేశారు.

భోజనాలైపోయి అందరూ వెళ్ళాక, త్రికోటయ్య పడమటి గది గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో బెజవాడ ఇంజను పెట్టె ఉంది. పురిట్లో లేదు కాబట్టి అదొక్కటే మైలపడకుండా మిగిలింది. గది మధ్యలో ఉయ్యాల, గోడవారగా మల్లీశ్వరి మంచం ఉన్నాయి. తక్కిందంతా ఖాళీ.

"ఈ గది ఇంత పెద్దదా?" అన్నాడు.

ఆయన గడపలోనే నిలబడి, చేతిలో పెట్టె అటూ ఇటూ మార్చుకున్నాడు.

"దీన్ని యాడ పెట్టమంటావే?"

సరస్వతమ్మ ఉయ్యాల ఊపడం ఆపలేదు.

"గడ్డికొట్టం ఉందిగా," అంది. "తడికెలు కట్టిస్తే వాన పడదు. నెల రోజులేగా."

మంచం మీది నుంచి మల్లీశ్వరి నవ్వింది. పుట్టింటికి వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నవ్వితే కడుపులో లాగుతోందని పొట్ట రెండు చేతులతో పట్టుకుని, తండ్రి పెట్టె పట్టుకుని వాకిలి దాటేదాకా నవ్వుతూనే ఉంది.